కత్తి పట్టినవాడి పేరు, డాలు చేసినవాడి పని

తెలుగులో సినిమా చరిత్ర రాసినవాళ్లు చాలామంది నటీనటుల చరిత్ర రాశారు. ఇంకొంచెం ముందుకి పోయినవాళ్లు దర్శకుల గురించీ, నిర్మాతల గురించీ రాశారు. తెర మీద కనపడే కోట గోడ ఎవరు పోశారు, సైనికుడి చేతిలో డాలుకి పట్టీ ఎవరు కుట్టారు, గుర్రానికి జీను ఎవరు బిగించారు అనేవి చరిత్ర ప్రశ్నలుగా లెక్కకే రాలేదు. అవన్నీ 'పని' పద్దులో పడిపోయాయి. పని చేసేవాళ్లకి కులం ఉంటుందిగానీ చరిత్ర ఉండదనేది మన దేశంలో పాత నమ్మకమే గదా.

ఈ ప్రశ్నని మేం పలనాడు దగ్గర నిలబడి అడుగుతున్నాం. దానికి కారణం ఉంది. తెలుగువాళ్ల యుద్ధకథల్లో పలనాటి యుద్ధానిది పెద్దపీట. ఆ కథ రెండుసార్లు సినిమా అయింది. ఆ కథలో సేనాపతి మాలవాడు. ఆ వీరుల ఆయుధాలుగా జనం నమ్మేవి ఇవ్వాళ్టికీ కారంపూడిలో పూజలందుకుంటున్నాయి. అంటే ఒకే కత్తి రెండు రూపాల్లో మనకి దొరుకుతోంది. ఒకటి జనం మొక్కే ఇనప కత్తి. రెండోది స్టూడియోలో చేసిన ఉత్తుత్తి కత్తి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి పేరు మిగిలింది, ఎవరి పని మాత్రమే మిగిలింది అనేది కొంత తేటపడుతుంది.

మొదటి సినిమా 1947లో వచ్చింది. మొదలుపెట్టినవాడు గూడవల్లి రామబ్రహ్మం. 1938లో 'మాలపిల్ల' తీసిన మనిషి ఆయనే. మాలపల్లె కథ తీసిన దర్శకుడు కొన్నేళ్లకి చాపకూటి కథకి రావడం యాదృచ్ఛికం కాదని మా అభిప్రాయం. అయితే సినిమా పూర్తికాకుండానే 1946లో ఆయన చనిపోయాడు. మిగతాది ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. రెండోసారి 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చింది. అందులో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, హరనాథ్ బాలచంద్రుడు. ఈ పేర్లన్నీ ఎవర్నడిగినా చెప్తారు. మనకి కావాల్సినవి ఇవి కావు.

ముందు కారంపూడి సంగతి చూద్దాం. నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీకమాసం చివర అమావాస్య నుంచి అయిదురోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకి పేర్లు. ఊళ్లూరినుంచీ వీరాచారవంతులు తమ ఇళ్లల్లో భద్రంచేసుకున్న ఆయుధాలు తీసుకుని వస్తారు. వాటిని కొణతాలంటారు. నాగులేటిలో కడిగి గుడికి తెస్తారు. బ్రహ్మనాయుడిది నృసింహకుంతం, మాల కన్నమదాసుది భైరవఖడ్గం అని చెప్తారు. మందపోరు రోజు చాపకూడు పెడతారు. కులాలు కలిసి ఒక్కచాప మీద తిన్న ఆ పాత తిండిని గుర్తుచేసుకోవడం అది. కథ చెప్పేవాళ్లు వీరవిద్యావంతులు, మాలలు. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని ఇన్ని తరాలు నోటిమీద మోసుకొచ్చింది వాళ్లు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథుడి పేరుమీద ఉన్న కావ్యాన్ని అచ్చువేశాకే పండితులకి ఈ కథ సాహిత్యమైంది. అప్పటిదాకా అది వాడకథే. జీన్ రోగెయిర్ అనే అమెరికా పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకం వేశాడు. కథకుడి పేరుని పుస్తకంలో నిలిపిన పని అది, చిన్నదేం కాదు.

గమనించాల్సింది ఏమంటే, ఈ ఉత్సవంలో వస్తువే కథ నడుపుతుంది. కోడిపోరు నాడు కోడి, మందపోరు నాడు చాప, తక్కిన రోజుల్లో కత్తి. వస్తువు లేకపోతే వీరుడు లేడు. సినిమావాళ్లు ఈ వస్తువుల్ని 'ప్రాపర్టీ' అంటారు. నాటకాలనాటి మాటే. ప్రాపర్టీ అంటే ఆస్తి. సెంటు భూమి లేనివాళ్లు కూడా జీవితమంతా ప్రాపర్టీ చేస్తూ గడిపారన్నది ఆ మాటలో ఉన్న ఎగతాళి.

ఇహ యుద్ధం సినిమాకి ఆయుధం ఎట్లా చేస్తారో చూద్దాం. అన్ని కత్తులూ ఒక్కటి కావు. నాయకుడి చేతిలో కత్తి కెమెరాకి దగ్గరగా వస్తుంది. కనక దానికి లోహపు అలుగు ఉంటుంది, పిడికి చెక్కుడు పని ఉంటుంది, ఒరకి మఖమలు గుడ్డ ఉంటుంది. అంచు మాత్రం మొండిగా ఉంచుతారు. పోరాటం షాట్లకి అదే కత్తికి తేలికరకం నకలు ఒకటి కావాలి. కొట్టుకున్నప్పుడు మణికట్టు విరక్కూడదు. వెనకవరసలో నిలబడే వందలమందికి మూడోరకం. చెక్కతో కోసి, వెండిరంగు పూసి, దూరానికి మెరిస్తే చాలనుకునేవి. ఆ మెరుపు కూడా మితంగా ఉండాలి. నలుపు తెలుపు ఫిల్ములో పెద్దదీపాల కింద తళతళలాడే లోహం బొమ్మనే తినేస్తుంది. అందుకని మెరిసేదానికి మసి పూయాలి, మెరవనిదానికి రంగు పూయాలి. నెత్తురు సంగతీ అంతే. ఎర్రరంగు ఆ ఫిల్ములో నల్లగా పడుతుంది గనక నెత్తురు ఎర్రగా ఉండాల్సిన పనేలేదు, చిక్కగా జారితే చాలు. హాలీవుడ్‌లో 1960 నాటి 'సైకో'కి చాకొలెట్ పాకం వాడారు.

డాలు దగ్గరికొస్తే పని మారిపోతుంది. నిజమైన పాతకాలపు డాలు పచ్చితోలుది. దున్నపోతు తోలుని తడిగా ఉన్నప్పుడే అచ్చు మీద లాగి కట్టి ఎండబెడితే అది చెక్కకన్నా గట్టిగా బిగుసుకుంటుంది. సినిమా డాలుకి అంత అక్కర్లేదు. బెత్తం గాని వెదురు గాని అల్లి, దానిమీద కాగితపు గుజ్జు పొరలుపొరలుగా అతికి, ఆరాక ఇత్తడిరంగు పూస్తారు. పైకి కనపడేది మొత్తం కాగితమే. కానీ లోపల చెయ్యి దూర్చే పట్టీ ఉందే, అది మాత్రం తోలుది కావాలి. కాగితపు డాలు ఒక్కదెబ్బకి పోయినా ఫర్వాలేదు, పట్టీ తెగితే షాటు పోతుంది. అట్లాగే ఒరకి వేలాడే నడుంపట్టీ, సైనికుడి చెప్పులు, అంబులపొది, గుర్రం కళ్లెం, రథం మోకు కట్టే వారు. నటుడి బరువు మోసేది, గుర్రం లాగుడికి ఓర్చుకునేది ఏదైనా తోలే. మెరిసేదంతా నకిలీగా చేసుకోవచ్చు, బరువు మోసేదాన్ని చేసుకోలేం.

ఆ తోలు వెనక ఒక ఊరిచివర ఉంది. చచ్చిన గొడ్డుని మోసుకెళ్లడం, ఒలవడం, సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుక ఊడదీయడం, గీకడం, లందలో తంగేడు చెక్క ఊట పట్టించడం, మళ్లీ ఆరబెట్టడం. వారాల తరబడి చేతులు మురిగే పని. ఆంధ్రదేశంలో ఈ పని మాదిగలది. మద్రాసు తోలు వ్యాపారం కూడా చాలాకాలం ఈ తంగేడు చెక్క మీదే నడిచింది. కోడంబాకం స్టూడియోలో రాజు కాలికి తొడిగిన చెప్పుకీ, గురజాల పక్క గూడెంలో లందకీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

సెట్టు వేయడం ఇంకో లోకం. ముందు కళాదర్శకుడు బొమ్మ గీస్తాడు. దాన్నుంచి కొలతల పటం. ఆ తరవాత వడ్రంగులు కర్రచట్రాలు కొడతారు. రాతిగోడ కావాలంటే ముందు మట్టితో రాళ్ల ఆకారం చేసి, దాన్నుంచి అచ్చు తీసి, కొబ్బరిపీచు కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని ఆ అచ్చులో పోస్తారు. అంగుళం కూడా మందంలేని పలక వస్తుంది. వాటిని చట్రానికి బిగించి, అతుకులు పూడ్చి, ముదురురంగు కొట్టి, పైన లేతరంగు చిలకరిస్తే నల్లరాయి అవుతుంది. స్తంభాలన్నీ లోపల డొల్ల. నటుడు ఎక్కాల్సిన మెట్టు మాత్రమే గట్టిది, పక్కమెట్టు ఉత్త అట్ట. పలనాటివాళ్లకి ఇది చూస్తే నవ్వొస్తుంది. మాచర్ల నాపరాయి, దుర్గి శిల్పుల రాతిపని, పిడుగురాళ్ల సున్నం, అన్నీ నిజంవి ఇక్కడ ఉన్నాయి. పలనాటి కోట మాత్రం మద్రాసులో ప్లాస్టర్‌తో లేచింది. రాయి కొట్టి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడి ఊరు తెరమీద రంగురాయిగా కనపడటంలో అన్యాయం ఉందని మేం అనం. సెట్టు సెట్టే. కానీ ప్లాస్టర్ దుమ్ముకీ రాతిదుమ్ముకీ పీల్చేవాడి ముక్కు దగ్గర పెద్ద తేడా లేదు.

సెట్టు కట్టడం తెలుగువాళ్లకి సినిమాతో వచ్చిన విద్య అనుకోవడం పొరపాటు. శివరాత్రికి నరసరావుపేట పక్కన కోటప్పకొండకి ఊళ్లనుంచి వచ్చే ప్రభల్ని చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కర్ర, వెదురు, గుడ్డ, రంగుకాగితాలు, తాళ్లు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు లేస్తుంది. వెనక ఏమీ ఉండదు, ముందువైపే అంతా. ఇది సినిమా సెట్టు సూత్రమే. చూసేవాడు ఎటునుంచి చూస్తాడో అటే కట్టు. కరెంటు వచ్చాక వేల బల్బులు ఎక్కాయి, బల్బులు వెలిగి ఆరుతూ బొమ్మలు కదిలినట్టు చేయడం వచ్చింది. ఎద్దులో ట్రాక్టర్లో లాగుతుంటే నాలుగువైపులా మోకులు పట్టుకున్నవాళ్లు అది ఒరగకుండా ఆపుతారు. తాడు ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో ఏ పుస్తకంలోనూ లేదు. ప్రభకి ఊరి పేరు ఉంటుంది. మోకు పట్టినవాడి పేరు ఉండదు.

1957లో 'మాయాబజార్' కోసం వాహినిలో ద్వారకానగరం కట్టినప్పుడు ఇట్లాంటి నేర్పే ఇంకో కొలతలో పనికొచ్చింది. యాభై అడుగులకి అరవై అడుగుల చోట్లో అట్టతో చిన్నచిన్న ఇళ్లు కట్టి, వాటికి బుల్లి బల్బులు పెట్టారు. మార్కస్ బార్ట్లే కెమెరా దానిమీదుగా పోతే మహానగరం కనపడింది. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. వీళ్లే 1951లో 'పాతాళభైరవి'కీ పనిచేశారు. గోఖలే గుంటూరు జిల్లావాడు. ఆయన ప్రతిభని తగ్గించడం మా ఉద్దేశం కాదు. ఆ బుల్లి ఇళ్లని కత్తిరించినవాళ్లూ, బల్బులకి తీగలు లాగినవాళ్లూ వందలమంది. తెరమీద 'కళ' అనే మాట కింద పడింది రెండు పేర్లు.

నమూనాని పెద్దదిగా నమ్మించాలంటే కొన్ని కిటుకులున్నాయి. కెమెరాని నేలకి దించాలి. నీళ్లున్నచోట జాగ్రత్త. ఇల్లు చిన్నది చేయొచ్చుగానీ నీటిబొట్టు చిన్నది కాదు, నిప్పు చిన్నది కాదు. అందుకే తగలబడే కోటని నమూనాగా తీసేటప్పుడు ఫిల్ముని వేగంగా తిప్పి తీస్తారు. తెరమీద మామూలు వేగంలో చూసినప్పుడు మంట బరువుగా లేస్తుంది. ఒకే ఫిల్ముని రెండుసార్లు, మూడుసార్లు తిప్పి, ప్రతిసారీ అద్దానికి ముందు నల్లముసుగు పెట్టి కొంతభాగమే బొమ్మ పడేట్టు చేస్తే ఒకే మనిషి పక్కపక్కన రెండుగా వస్తాడు. 1961లో 'సీతారామ కల్యాణం'కి ఇట్లాంటి ట్రిక్కులు చేసి రవికాంత్ నగాయిచ్ పేరు తెచ్చుకున్నాడు. బాణం సూటిగా తగలాలంటే సన్నతీగ మీద జార్చడం, లేదా తగిలిన బాణాన్ని వెనక్కి లాగి ఫిల్ముని తిరగేయడం. పొగకి సాంబ్రాణి, కొబ్బరిపీచు. గాలికి పెద్ద ఫ్యాను. ఇందులో చాలామట్టుకు నాటకంవాళ్లకి ముందే తెలుసు. కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక కుటుంబాలు తీగలమీద మనుషుల్ని ఎగరేశాయి, తెరలతో క్షణంలో అడవిని అంతఃపురం చేశాయి. అంతకన్నా ముందు తోలుబొమ్మలవాళ్లు ఉన్నారు. నరసరావుపేట ప్రాంతం ఆ ఆటకి పేరున్నదే. దీపానికి దగ్గరగా జరిపితే నీడ పెరుగుతుంది, తెరకి ఆనిస్తే చిన్నదవుతుంది. గీకి గీకి అద్దంలా చేసిన మేకతోలు మీద రంగు వెలుగుతుంది. అక్కడా తోలే.

విదేశాల మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' ఎఫెక్టులకీ, కళాదర్శకత్వానికీ, ఛాయాగ్రహణానికీ ఆస్కార్లు గెలిచింది. జానపద చిత్రాలు తీసే మనవాళ్లకి అట్లాంటి సినిమాలు పాఠాలయ్యాయి. 1948లో జెమినీవాళ్లు 'చంద్రలేఖ'లో పెద్దపెద్ద డోళ్లతో సెట్టు వేసి, వాటిమీద నాట్యం చేయించి, చివర్లో ఆ డోళ్ల కడుపులోంచి సైనికుల్ని దించారు. దేశమంతా నోరు తెరిచి చూసింది. మాకు మాత్రం అది చూసినప్పుడు ఇంకో సంగతి తడుతుంది. డప్పు తయారుచేసినవాడిని ముట్టుకోని దేశంలో, డోలు ఆకారాన్ని కోట్లమంది డబ్బులిచ్చి చూశారు.

యుద్ధంలో అన్నిటికన్నా చవకైన ప్రాపర్టీ మనిషి. నాయకుడికి నకలు ఉంటుంది, గుర్రానికి తిండిఖర్చు లెక్క ఉంటుంది. వెనకవరసలో చెక్కకత్తి పట్టుకుని పొద్దుణ్ణించీ ఎండలో నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుకి దినకూలి. పొద్దున బ్రహ్మనాయుడి సైన్యంలో ఉన్నవాడే తలపాగా మార్చుకుని మధ్యాహ్నం నలగామరాజు సైన్యంలో చస్తాడు. జానపద చిత్రాలకి పేరుపడ్డ విఠలాచార్య తక్కువఖర్చులో సినిమా తీసేవాడని మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు సబబే. వేసిన సెట్టునే రంగుమార్చి మళ్లీ వాడటం కూడా ఒక విద్యే. కానీ తక్కువఖర్చు అన్న మాటలో ఎవరి కూలి తక్కువైందో కూడా కలిపి చదవాలి.

ఇప్పుడు మళ్లీ కథలోకి వద్దాం. మాల కన్నమదాసు పేరు నిలిచింది. వాడకథలో ఉన్నాడు, గుడిలో ఉన్నాడు, సినిమాలో కూడా ఆయన్ని తీసెయ్యడం కుదర్లేదు. దళిత ఉద్యమం ఆయన్ని సేనాపతిగా ముందుకి తెచ్చుకుంది. అది న్యాయమే. కానీ అదే కథలో బాలచంద్రుడి తమ్ముల వరస ఒకటుంది. కథకులు చెప్పే వరసలో బ్రాహ్మణ అనపోతు ఉన్నాడు, వెలమ ఉన్నాడు, కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి ఉన్నారు. కత్తి చేసే కమ్మరికి యుద్ధంలో చోటుంది. డాలు తోలు పదునుపెట్టినవాడికి ఆ వరసలో చోటు లేదు. చాప ఎంత వెడల్పు పరిచినా ఆ అంచు దగ్గర ఆగింది. 1994లో దండోరా మోగాక మనలో మనం ఈ మాట అడుక్కోవడం కొంత తేలికైంది. అంతకుముందు అడిగితే ఐక్యత చెడుతుందనేవాళ్లు. కన్నమదాసుని తక్కువచేయడానికి కాదు ఈ మాట. ఆయన చేతిలో డాలుంటే అది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పకుండా ఆయన చరిత్ర కూడా పూర్తికాదు.

సినిమా కూడా ఈ కొరతని దిద్దలేదు. దిద్దగల వీలు దానికి ఉంది. యుద్ధం సినిమా తీసేవాళ్లకి ఆయుధాలు ముందు తయారుకావాలి. కథలో లేని కార్ఖానా స్టూడియోలో ఉంది. కెమెరా తల తిప్పితే చాలు, లంద దగ్గర్నించి వచ్చిన తోలుని కోస్తున్న చేతులు పక్కనే ఉన్నాయి. తిప్పలేదు.

ఆ తరవాత వస్తువులే మారాయి. చెక్కకత్తి పోయి రబ్బరు, ఫైబర్ వచ్చాయి. ఫైబర్‌గ్లాసు డాలు తేలిక, వానకి తడవదు, అచ్చు ఒకటుంటే వంద పోసుకోవచ్చు. ఆ పోసేవాడి చర్మానికి దురద, ఊపిరికి రసాయనం వాసన. 2015లో, 2017లో వచ్చిన 'బాహుబలి' రెండు భాగాలకి సాబు సిరిల్ రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి కట్టాడు. కట్టింది కొంత, మిగతా నగరం కంప్యూటర్లో పెరిగింది. సైన్యం కూడా చాలావరకు కంప్యూటర్లోనే పెరిగింది. జూనియర్ ఆర్టిస్టు దినకూలి అంతమేరకు పోయింది. ఒక్క మార్పు మాత్రం గమనించదగ్గది. ఇప్పటి సినిమాల చివర కంప్యూటర్ పనివాళ్ల పేర్లు వందలకొద్దీ నిమిషాల తరబడి పైకి పోతుంటాయి. చదువుకున్నవాళ్ల చేతిపనికి పేరు వేయడం పరిశ్రమకి చేతనయిందన్నమాట.

పలనాడు 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. కొత్త జిల్లా గొప్పలు చెప్పుకునేటప్పుడు కారంపూడి కొణతాలూ, కోటప్పకొండ ప్రభలూ, దుర్గి శిల్పాలూ వరసగా వస్తాయి. లంద ఆ వరసలో రాదు. గూడేల్లో లందలు చాలావరకు పూడిపోయాయి. డప్పులకి కూడా ఇప్పుడు ప్లాస్టిక్ మూతలు వస్తున్నాయి. వాటిని కాచడానికి మంట అక్కర్లేదు, వాన పడినా మోగుతాయి. మోయడానికి తేలికని కొట్టేవాళ్లే చెప్తారు. తోలుపని చేసిన చివరి తరంవాళ్లు ఇంకా గూడేల్లో ఉన్నారు. ఏ తోలు ఎన్నిరోజులు నానాలో, పట్టీకి వీపుతోలు ఎందుకు కోస్తారో, కడుపుతోలు ఎందుకు పనికిరాదో వాళ్ల చేతులకి తెలుసు. టేపురికార్డరుతో రోగెయిర్ గాలెయ్య పక్కన కూచున్నట్టు వాళ్ల పక్కన కూచునే పని మిగిలి ఉంది. పాటకన్నా ఇది కష్టం. పాట నోట్లోంచి వస్తుంది, ఇది చేస్తుంటే చూసి రాసుకోవాలి. అందుకు ముందు ఒక తోలు కావాలి, సున్నం కావాలి, తంగేడు చెక్క కావాలి.